మిల్ హార్బర్ షాటోలో ఒక ఇత్తడి గిన్నె

పెళ్లయి పాతికేళ్లు నిండుతున్నాయని మా ఆవిడ సుగుణ ఫ్రాన్స్ చూపించమంది. స్నేహితురాలెవరో వాట్సాప్‌లో ఫొటోలు పెట్టింది. కోసుగా బురుజులు, నల్ల రాతి పలకల కప్పు, ముందు తల దువ్వినట్టున్న తోట. అలాంటి ఇంటిని షాటో అంటారట. "ఇలాంటిది ఒక్కటి చూస్తే చాలండీ" అంది. తప్పకుండా చూపిస్తానన్నాను. పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదని, శనివారం పొద్దున బయల్దేరితే రాత్రి అన్నానికి ఇంటికొచ్చేస్తామని చెప్పాను. ఆవిడ నర్సు. నాలాంటి కేసుని ఏమీ అడక్కుండా చూస్తూ కూర్చోవడం పాతికేళ్లలో బాగా అలవాటైంది.

మేముండేది మిషిగన్‌లో, నోవైలో. ఆవిడ వీసా మీద నేను ఈ దేశం వచ్చాను, సామాన్లతో పాటు. నా చదువు ఇంటర్ దగ్గర రెండుసార్లు తూలి మూడోసారి పడిపోయింది కాబట్టి ఇండియన్ గ్రోసరీలో పని చేస్తున్నాను. బెండకాయ కొసలు విరిచి చూసే ఇంజినీర్లకు విరిచినవన్నీ కొనాల్సిందేనని చెప్పడం అందులో ముఖ్యమైన భాగం. అక్కడికొచ్చే కస్టమరొకాయనకి చేపలు పట్టే పిచ్చి. హ్యూరాన్ సరస్సు ఒడ్డున మిల్ హార్బర్ అనే చిన్న ఊళ్లో అచ్చం ఫ్రెంచి కోటలాంటి ఇల్లుందనీ, వెనకటికో కలప వ్యాపారి కట్టించుకున్నాడనీ, ఇప్పుడది ఆ కౌంటీకి, అంటే జిల్లాకి, మ్యూజియం అయిందనీ ఆయనే చెప్పాడు. ఫ్రాన్స్ నాకు మూడు గంటల దూరంలో దొరికింది.

అక్టోబరు మొదటి శనివారం, ఏడింటికి బయల్దేరాం. సుగుణ ముందురోజే పులిహోర కలిపి పెద్ద పెరుగు డబ్బాలో సర్దింది. అమెరికాలో తెలుగువాళ్ల ఇల్లంటే ఫ్రిజ్‌లో అలాంటి డబ్బాలు ఆరుంటాయి, పెరుగున్నది ఒక్కటే. ఇదివరకు ఈ పనికి మా అత్తగారిచ్చిన ఇత్తడి గిన్నె ఉండేది. అంచు కింద ఆవిడ పేరు కొట్టించి ఉండేది, బి. వెంకటరమణమ్మ అని. ఆవిడ పోయాక మా ఆవిడకి మిగిలిన వస్తువు అదొక్కటే. కొన్నేళ్ల కిందట నోవైలో తలో వంటా తెచ్చి కలిసి తినే ఉగాది పాట్‌లక్‌కి పులిహోరతో వెళ్లిన ఆ గిన్నె మళ్లీ ఇంటికి రాలేదు, మూత ఒక్కటే వచ్చింది. ఆ మూతని ఇప్పటికీ కొలత కుదరని స్టీలు తపేలా మీద బోర్లిస్తుంది. ఆరోజు గిన్నెలు సర్దినావిడ తర్వాత వర్జీనియాలో షాంటిలీకి మారిపోయింది. మా ఆవిడ లెక్కలో మారిపోలేదు, గిన్నెతో పారిపోయింది. అప్పట్నుంచీ ఫోన్లు లేవు.

దారి తేలిక. నోవై నుంచి ఐ-96, అక్కణ్నుంచి యూఎస్-23 మీద ఉత్తరానికి, ఫ్లింట్ దగ్గర ఐ-75లో కలిసి బే సిటీ దాటేదాకా కళ్లు మూసుకున్నా పోవచ్చు. మూసుకోకండి, జింకలు అడ్డొస్తాయి. స్టాండిష్ దాటాక మళ్లీ యూఎస్-23 పట్టుకుంటే సరస్సు కుడిపక్కన మన వెంటే వస్తుంది. ఆకులు ఎర్రబడే కాలం, ఎండ కూడా ఉంది. దారిలో పెట్రోలు పోయించుకుంటూ క్యాషియర్ కుర్రదాన్ని ఫ్రాన్స్‌కి ఇదేనా దారి అని అడిగాను. తిన్నగా వెళ్లి సరస్సులో దిగమంది. ఈ దేశంలో నాకు జవాబు చెప్పగలిగినవాళ్లలో ఆ పిల్ల రెండోది.

పదింటికి షాటో కనిపించింది. మెచ్చుకోవాలని అనుకోలేదు గాని, ఫొటోలో ఉన్నట్టే ఉంది. రెండు బురుజులు, నల్ల కప్పు, పొడుగు కిటికీలు. సుగుణ కారు దిగి దాన్ని చూసింది, పక్కనే ఉన్న పడవలు రిపేరు చేసే షెడ్డుని చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఫ్రాన్స్ ఇంత దగ్గరని తెలిస్తే ఇరవై అయిదేళ్లు ఆగేదాన్ని కాదు" అని ముందుకు నడిచింది. పార్కింగ్ ఉచితం, టికెట్ మనిషికి పన్నెండు డాలర్లు. సోమవారం మూసేస్తారు, చలికాలమంతా కూడా మూసే ఉంటుంది. గైడుతో తిప్పే టూరు పదిన్నరకీ ఒంటిగంటకీ.

లోపలికెళ్లగానే పెద్ద తివాచీ. మాతోపాటు ఏడెనిమిది మంది పెద్దవయసు అమెరికన్లు టూరు కోసం ఎదురుచూస్తున్నారు. గైడు ఇంకా రాలేదు. నాకు చేతులు ఊరుకోలేదు, ఈసారి కాళ్లు. గుళ్లోకి వెళ్లేటప్పుడు పెట్టే మొహం పెట్టి, బూట్లు విప్పి, గోడ పక్కన జతగా పెట్టాను. వెనకనున్న పెద్దాయన విప్పాలా అని గుసగుసగా అడిగాడు. ఈ తివాచీ వందేళ్ల నాటిదండీ అన్నాను. అందులో అబద్ధమేముంది? రెండు నిమిషాల్లో తలుపు పక్కన పది జతలు చేరాయి. గైడు ఎమిలీ వచ్చింది. ఆ మ్యూజియం బాధ్యతంతా చూసుకునే ముప్పై ఏళ్ల అమ్మాయి. అందరి సాక్సుల వంకా చూసి, ఎవరు పెట్టిన రూలో అర్థంకాక, మర్యాదకి తన బూట్లు కూడా విప్పింది. సుగుణ నా పక్కనుంచి రెండడుగులు జరిగి నిలబడింది, నేనెవరో తెలియనట్టు.

కింది అంతస్తు కలపది. ఈ ఇల్లు కట్టించిన విట్‌కాంబ్ దొర అడవులు కొట్టించి డబ్బు చేశాడు. భార్య ఫ్రాన్స్ వెళ్లొచ్చి అలాంటి ఇంట్లోనే ఉంటానని పట్టుబడితే, ఊళ్లోనే కట్టించి పెట్టాడని ఎమిలీ చెప్పింది. నాకు గురువు దొరికినట్టయింది. సుగుణ మాత్రం, ఆయన కట్టించాడు, మీరు టికెట్ కొన్నారు అని చెవిలో చెప్పి తేడా తేల్చేసింది. మనిషి పొడుగు రంపాలు, ఐసు కోసే కత్తులు, మంచు బండ్లు, బల్ల మీద బొమ్మలా చేసిపెట్టిన నది. ఆ రోజుల్లో అందరి దుంగలూ కలిపి ఒకే నదిలో వదిలేసేవారట. అందుకని ప్రతి దుంగ కొసనా ఎవరి గుర్తు వాళ్లు ఇనప సుత్తితో కొట్టేవారు. నది చివర మనుషులు నిలబడి గుర్తు చూసి ఎవరివి వాళ్లకి వేరుచేసేవారు. ఒక్కో సుత్తికి ఒక్కో గుర్తు, గోడ నిండా ఉన్నాయి. పిల్లలుంటే ఇక్కడ ఎక్కువసేపు ఆగండి, మెత్తటి చెక్క మీద గుర్తు కొట్టనిస్తారు. పిల్లలు లేకపోయినా కొట్టనిచ్చారు, నేను రెండు కొట్టాను.

మెట్ల మొదట్లో తెలుగు వినపడింది. "కింద చెప్పుల వరస చూడగానే అనుకున్నా, మనవాళ్లెవరో వచ్చారని. అందరి చేతా విప్పించింది ఎవరయ్యా?"

సుగుణ నన్ను చూపించింది. ఆవిడ డాక్టర్ అన్నపూర్ణ గారు. గుంటూరు వైపు మనిషి, డెబ్బై అయిదు దాటాయి. చీర మీద ఊలు కోటు, కాళ్లకి రన్నింగ్ షూస్. డెబ్బైల్లో ఈ ఊరికి పిల్లల డాక్టరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భర్త పోయారు, ప్రాక్టీసు మానేశారు, శనివారాలు ఈ మ్యూజియంలో పై అంతస్తు చూపిస్తుంటారు. ఊళ్లో సగంమంది ఒకప్పుడు ఆవిడ దగ్గర సూదులు పొడిపించుకున్నవాళ్లే కాబట్టి టూరులో ఎవరూ మాట్లాడరని ఎమిలీ నవ్వుతూ చెప్పింది.

పైన ఒక గదికి 'ఈ కౌంటీకి వచ్చినవాళ్లు' అని పేరు. ఒక్కో అద్దాల బీరువా ఒక్కో దేశం వాళ్లది. పోలండు వాళ్ల దుప్పట్లు, జర్మనీ వాళ్ల పాలకుండలు. కిటికీ పక్కది డాక్టరు గారిది. స్టెతస్కోపు, పట్టుచీర, ప్రెషర్ కుక్కర్, మంచు బూట్లు, మధ్యలో చిన్న పీట మీద ఇత్తడి గిన్నె. డాక్టర్ అన్నపూర్ణ కుటుంబం ఇండియా నుంచి తెచ్చుకున్న వంటపాత్ర అని కింద ఇంగ్లీషులో రాసుంది. ఆవిడ ఆ గిన్నె చూపించి తన మొదటి చలికాలం చెప్పారు. మంచుకి దార్లు మూసుకుపోయాయి, భర్త వేరే ఊళ్లో చిక్కుకుపోయారు, ఇంట్లో ఉన్నది కాస్త బియ్యం, అడుగంటిన నిమ్మకాయ పచ్చడి. ఈ గిన్నెలో అన్నం వండుకుని, వెనక్కి వెళ్లిపోదామని ఏడుస్తూ తింటుంటే ఫోన్ మోగింది. ఎవరి పసిబిడ్డకో ఊపిరందడం లేదు. చెయ్యి కడుక్కుని, మంచు తీసే బండిలో ఎక్కి వెళ్లారు. ఆ బిడ్డకి ఇప్పుడు మనవలున్నారట. ఒక అమెరికన్ పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అప్పుడే నా మోచెయ్యిలో సుగుణ గోళ్లు దిగాయి. ఆవిడ చూస్తున్నది గిన్నె అంచు కింద. చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు. బి. వెంకటరమణమ్మ.

నేను చూసి, మళ్లీ చూశాను. ఆ పేరున్నవాళ్లు ఒక జిల్లాలో వెయ్యిమంది ఉంటారని గొణిగాను. అది తన గిన్నేనని, అడుగున మాటు కూడా ఉంటుందని సుగుణ అంది. తన చిన్నప్పుడు నూతి చప్టా మీద జారవిడిస్తే చిల్లుపడి వాళ్లమ్మ వేయించిందట. ఎమిలీ వైపు ఒక అడుగు వేసి, డాక్టరు గారి మొహం చూసి ఆగిపోయింది. ఆవిడ ఇంకా ఆ పసిబిడ్డ గురించే చెబుతున్నారు.

టూరు పన్నెండుకి అయిపోయింది. ఇంటి వెనక వరండాలో బల్లలుంటాయి, మన తిండి మనం తినొచ్చు, ఎదురుగా సరస్సు. అక్కడ కూర్చున్నాక సుగుణ తేల్చి చెప్పింది. "ఆవిడకి మీరేం చెప్పకండి. అంతమంది ముందు అంత చెప్పుకున్నాక, అది మాదండీ అంటే ఏమైపోతుంది ఆవిడ? ఎక్కడుందో తెలిసింది కదా, చాలు." చాలని అన్నది గాని చూపు పై అంతస్తు కిటికీ మీదే ఉంది. రాత్రికి కిటికీలోంచి దింపుకొస్తానన్నాను. నవ్వలేదు. నా దగ్గర ఇంకో జోకు లేదు, అది నాకు చాలా అరుదు.

ఇంతలో డాక్టరు గారే తన సాండ్‌విచ్ పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చారు. సుగుణ ఆ సాండ్‌విచ్ పక్కన పెట్టించి పేపర్ ప్లేటులో పులిహోర వేసింది. మా ఇంట్లో దాన్ని ఆవ పెట్టి, చివర్లో పచ్చి అల్లం దంచి కలుపుతారు. మా అత్తగారి పద్ధతి, ఇంకెక్కడా నేను తినలేదు. డాక్టరు గారు రెండు ముద్దలు తిన్నారు. మూడోది ప్లేటులోనే ఆగింది.

"ఈ పులిహోర నేను తిన్నానమ్మాయ్."

సుగుణ ఇంకొంచెం వేయబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "నోవైలో ఉగాదికి. అప్పటికి మా ఆయన ఉన్నారు. అల్లం భలే తగులుతోందని నన్ను నిలబెట్టి మరీ తిన్నారు. దూరం పోవాలి కదా అని మిగిలిందంతా ఎవరో ఫాయిల్ కప్పి, గిన్నెతో సహా కార్లో పెట్టేశారు." సరస్సు వంక చూసి, తర్వాత సుగుణ వంక చూశారు. "మీ అమ్మగారి పేరేంటి?"

"ఇప్పుడెందుకు లెండి డాక్టరు గారూ. చల్లారిపోతుంది, తినండి."

"పులిహోర చల్లారేదేంటి? పేరడిగాను."

"వెంకటరమణమ్మ."

"ఇంటిపేరు?"

"బొడ్డు."

డాక్టరు గారు ప్లేటు కింద పెట్టారు. తర్వాత, మా ఇంట్లో గిన్నెల మీద మా పేరున్నవి ఎన్ని గనక, అన్నీ అత్తలవీ ఆడపడుచులవీ పెళ్లిలో చదివించినవాళ్లవీ, ఇది కూడా మా అత్తగారి వైపు ఎవరిదో అనుకున్నాను అన్నారు. ఆనాడు తను అన్నం వండుకున్న గిన్నె ఏ గరాజ్ సేల్‌లో పాత సామానుతో పాటు అమ్ముడుపోయిందో ఏమో అన్నారు. చేత్తో మొహం తుడుచుకుని మమ్మల్నిద్దర్నీ చూశారు. "ఇందాక నేనంత చెబుతుంటే నోరు మూసుకుని నిలబడ్డారు ఇద్దరూ."

"కథ బాగుందండీ" అన్నాను.

"కథ నాదేనయ్యా. గిన్నె మీది." లేచి నిలబడ్డారు. "ఎమిలీ, తాళాలు తీసుకురామ్మా" అని తెలుగులోనే పిలిచారు. ఎలా అర్థమైందో, ఎమిలీ తాళాలతో వచ్చింది.

వస్తువు ఇచ్చినావిడే వెనక్కి అడుగుతోంది కాబట్టి తీయడానికి అభ్యంతరం లేదంది ఎమిలీ. కాని ఒకళ్ల పేరున్న పాత్ర ఇన్నేళ్లు ఇంకొకళ్లింట్లో ఎవరికీ అనుమానం రాకుండా ఎలా ఉందో అర్థం కాలేదంది. అందుకు జవాబు కింది అంతస్తులోనే ఉందన్నాను. మీ దొరల దుంగల్లాగే మేమూ గుర్తులు కొట్టి, అందరివీ కలిపి ఒకే నదిలో వదిలేస్తాం. మాకు పెళ్లిళ్లు, పాట్‌లక్‌లు నది. చివర నిలబడి వేరుచేసేవాడు మాత్రం మా దగ్గర లేడు. ఎమిలీ నవ్వుతుందనుకున్నాను. పెన్ను తీసి చేతి మీద రాసుకుంది.

అద్దం తెరిచి, వాళ్ల పద్ధతి ప్రకారం తెల్ల గ్లవ్స్ సుగుణకి ఇవ్వబోయి, ఆవిడ మొహం చూసి మళ్లీ జేబులో పెట్టేసుకుంది. సుగుణ గిన్నె తీసి బోర్లించలేదు. అడుగున చెయ్యి పెట్టింది. వేళ్లు వాటంతటవే ఒకచోటికి వెళ్లి ఆగాయి. పాత రూపాయంత మాటు. "ఇదిగో" అంది, ఎవరితోనో తెలియదు.

ఇప్పుడు పీట ఖాళీ. వారం మధ్యలో స్కూలు పిల్లలొస్తారు, ఖాళీ పీట ఏం చూపించను అని ఎమిలీ. నేను పెరుగు డబ్బా చూపించాను. ఏడిపించడానికే అన్నాను. అమెరికాలో తెలుగువాళ్ల అసలైన వంటపాత్ర ఇదేనని, తిరిగిరాకపోయినా ఎవరూ ఏడవరని, అందుకే కనిపెట్టామని. ఎమిలీ డాక్టరు గారి వంక చూసింది. "వాడు చెప్పేది నిజమే" అన్నారావిడ. "యాభై ఏళ్లుగా పచ్చళ్లూ పప్పులూ నాకు అందులోనే వచ్చాయి." డబ్బాని మ్యూజియం వంటింట్లో కడిగి, ఆరబెట్టి, పీట మీద పెట్టారు. పెట్టేముందు సుగుణ మార్కర్ అడిగి తీసుకుని అడుగున తెలుగులో తన పేరు రాసింది. ఆ ఖాళీ డబ్బా మీద కూడా.

గిన్నె మాత్రం డాక్టరు గారు వెంటనే మా చేతికివ్వలేదు. ఉండండంటూ కింద గిఫ్ట్ షాపుకి వెళ్లారు. ఈ సరస్సు ఊళ్లన్నిట్లో ఫడ్జ్ అని అమ్ముతారు, మన పాలకోవాకి పైచదువులు చదివిన తమ్ముడు. గిన్నె నిండా ముక్కలు వేయించి, పైన ఫాయిల్ కప్పి తెచ్చారు. "వట్టి గిన్నె ఎలా ఇస్తాను?" అన్నారు. అదే ఫాయిల్, అదే కప్పడం. మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. డాక్టరు గారు కూడా. నేను బూట్లు వేసుకుంటున్నాను, లేసులు ముడిపడ్డాయి, చాలాసేపు పట్టింది.

తిరుగుదారిలో సుగుణ గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఇద్దరికీ కలిపి సీటుబెల్టు పెట్టుకుంది. బే సిటీ దాటాక షాంటిలీకి ఫోన్ చేసింది. పిల్లల చదువులు, బీపీ మాత్రలు, ఎవరిల్లు ఎంతకి అమ్ముడైందో, ఫ్లింట్ దాకా మాట్లాడింది. గిన్నె సంగతి ఎత్తలేదు. అవతలావిడకి తను అన్నేళ్లూ పారిపోయి ఉన్నట్టే తెలియదు కాబట్టి, క్షమించినట్టూ తెలియదు. ఇంటికొచ్చి స్టీలు తపేలా మీద మూత తీసి గిన్నె మీద పెట్టింది. టప్పుమని కూర్చుంది. ఆ చప్పుడు విని కాసేపు అక్కడే నిలబడింది.

నేను మ్యూజియాలకి ఊరికే పోను. చచ్చినవాళ్ల సామాను బతికున్నవాళ్లకి టికెట్ పెట్టి చూపిస్తారని నా అభిప్రాయం. అది పూర్తిగా పోలేదు గాని, ఇప్పుడు అద్దాల వెనక ఏ గిన్నె కనిపించినా, దీని మూత ఎవరింట్లో ఉందో అని ఆగి చూస్తున్నాను. ఫ్రాన్స్ సంగతి సుగుణ మళ్లీ ఎత్తలేదు. మర్చిపోయిందని నేను సంబరపడటం లేదు, నర్సులకి ఫాలోఅప్ ఉంటుంది. మీరు మిల్ హార్బర్ వెళ్లదలిస్తే శనివారం పదిన్నర టూరుకి వెళ్లండి, పై అంతస్తులో తెలుగు వినిపిస్తుంది. కూర్చుని తినడానికి వరండా ఉంది గాని చుట్టుపక్కల మనకి తిండి దొరకదు, భోజనం కట్టుకెళ్లండి. గిన్నెలోనే కట్టుకెళ్తామంటే పేరొక్కటీ చాలదు, కింద ఫోన్ నంబరు కూడా కొట్టించండి. దేశం పెద్దది.